పరుపుల అంగడి నాదస్వరం

బెంగళూరు కాటన్‌పేటలో జయరామప్ప పరుపుల అంగడికి రెండు గడపలు ఉండేవి. మొదటిది వీధిలోది, రోజూ కడిగి పసుపు రాసేది. రెండోది కంప్యూటర్‌లోది. దాన్ని పెట్టించింది కూతురు హేమలతే అయినా, దానికి పూజ చేసే హక్కు మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. పొద్దున షట్టర్ ఎత్తగానే కుట్టు మిషన్‌కు, తక్కెడకు, దూది ఏకే యంత్రానికి వరసగా ఊదుబత్తి చూపించి, ఆఖరున కంప్యూటర్ ముందుకు వచ్చేవాడు. దాని నుదుట కుంకుమ బొట్టు పెట్టి, చూపుడు వేలొక్కటే చాపి, పెళ్ళికొడుకు తాళి ముట్టుకున్నంత జాగ్రత్తగా మీట నొక్కేవాడు. తెర మీద మామిడి తోరణం కట్టిన తలుపులు రెండు మెల్లగా తెరుచుకునేవి. వెంటనే నాదస్వరం మోగేది. మోగడమంటే అలా ఇలా కాదు, పక్క అంగడిలో ఇత్తడి బిందెలు కూడా అదిరేవి.

ఆ నాదస్వరం పెద్దమునియప్పది. జయరామప్ప పెళ్ళిలో ఊదినవాడు ఆయనే, అంగడి తెరిచిన రోజు ఊదినవాడూ ఆయనే. మంగళవాద్యం లేనిదే మంచి పని మొదలుకాదన్నది జయరామప్ప పట్టు. వెబ్‌సైట్ మాత్రం అంగడి కాదా, దానికి శుభం అక్కర్లేదా అని ఆ పెద్దాయన్ని పిలిపించి, ఊదించి, రికార్డు చేయించి, అందుకు మర్యాదగా మంచి బూరుగు దూది పరుపొకటి కుట్టించి ఇంటికి పంపాడు.

పేజీ అడుగున చిన్న అంకెల పెట్టె ఉండేది. ఎవరు వచ్చినా అందులో ఒక అంకె పెరిగేది. రోజూ మొదటి అంకె తనదే కావాలి, అది బోణీ. అంతటితో ఊరుకుంటే ఆయన జయరామప్ప ఎందుకవుతాడు? కోలారు వియ్యంకుడికి, హోసూరు తోడల్లుడికి, మదనపల్లె మేనల్లుళ్ళకు వరసగా ఫోన్లు చేసేవాడు. "బోణీ చేసినావా అప్పా?" అని ఒక్కటే మాట. వాళ్ళ వాళ్ళలో ఎవరు అంగడి పెట్టినా చుట్టాలంతా పోయి బోణీ చేయడం ఆచారం. పోకపోతే తరతరాలకూ మాటలుండవు. అందుకని ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాడు ఇంట్లో, లేనివాడు ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి, పొద్దున్నే ఆ తలుపులు తెరిచి, నాదస్వరం విని, చెంపలేసుకుని మరీ మూసేవారు. అంకె దోసెపిండిలా పొంగింది. మూడేళ్ళు తిరిగి, రెండువేల ఆరు శ్రావణమాసానికి లక్షకు దగ్గరపడింది. లక్ష నిండిన రోజు వీధి వీధంతా లడ్లు పంచాలని జయరామప్ప వంటవాడికి ముందే చెప్పి పెట్టాడు.

ఆ లడ్ల మాట దగ్గరే రగడ మొదలైంది.

"లక్ష మంది వచ్చినారు, సరే నాయనా. వాళ్ళలో ఒక్కడన్నా ఒక దిండు కొన్నాడా? నీ కూతుర్ని అడుగు," అన్నాడు రాజగోపాల్. అతను హేమలతకు అన్న, అంగడి బయటి వ్యవహారాలన్నీ చూసేవాడు. గొంతు ఎప్పుడూ పెంచడు, పుల్ల విరిచినట్టు అని ఊరుకుంటాడు.

హేమలతకూ ఆ సంగతి తెలుసు. వెబ్‌సైట్ చూసి వచ్చామని గడప తొక్కిన మనిషి అంతవరకూ ఒక్కడు లేడు.

"ఫోమ్ పరుపుల కంపెనీవాళ్ళు డీలర్‌షిప్ ఇస్తామంటా ఉండారు," అని రాజగోపాల్ అసలు సంగతి బయటపెట్టాడు. "కింద షోరూము, పైన గోడౌను. విజయదశమి నాడు సంతకాలు పెట్టుకుందామన్నారు. దూది కథ అయిపోయిందమ్మాయ్. ఈ కాలంలో ఎవురు పండుకుంటారు దూది మీద?"

పైన అంటే మిద్దె గది. గంగప్ప తన మనుషులతో కూర్చుని దూది నింపేదీ, దబ్బనంతో పరుపులు కుట్టేదీ అక్కడే. అది గోడౌన్ అయితే వాళ్ళకు పని లేదు, వేరే చోట ఇచ్చేవాడూ లేడు. హేమలత బడి వదలగానే ఆ దూది గుట్టలో దూకి, తుమ్మి తుమ్మి, అక్కడే నిద్రపోయిన పిల్ల. పెద్దదై వైట్‌ఫీల్డ్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసింది. ఆ కంపెనీ మూతపడి ఇంటికి వచ్చినప్పుడు చుట్టాలంతా పెళ్ళి, పెళ్ళి అని చెవి దగ్గర జోరీగల్లా తిరిగారు. ఆమె మాత్రం నేను అంగడిలో కూర్చుంటాను పొమ్మంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని తల్లి సావిత్రమ్మ తల పట్టుకుంది. అప్పటినుంచి ఇంట్లో ఆమె పేరు ఉలిపికట్టె.

ఆ ఉలిపికట్టె ఇప్పుడు లేచి నిలబడింది.

"నువ్వు అడిగింది న్యాయమే అన్నా. జవాబు నాకూ తెలీదు, తెలుసుకుంటా. విజయదశమి లోపల ఈ వెబ్‌సైట్ చూసి వచ్చినోళ్ళతో గంగప్పకు చేతినిండా పని దొరక్కపోతే, నీ ఫోమ్ బోర్డు నేనే నిచ్చెనేసుకుని తగిలిస్తా. దొరికిందంటే మాత్రం మిద్దె మీద దూది ఎవురూ ముట్టుకోకూడదు."

"రాసిస్తావా?"

"నా మాట నీ సంతకం కంటే గట్టిదని నీకు తెలుసు."

జయరామప్ప గద్దె మీద నుంచే చేయెత్తాడు. "ఇద్దరూ వాదులాట ఆపి సుమ్ముండండి. లక్ష మంది వచ్చే అంగడికి పని రాకుండా పోతుందా?" అని ఆ పందేనికి ఒప్పేసుకున్నాడు. పాపం, ఆ అంకె మీద ఆయనకు అంత నమ్మకం.

హేమలతకు సమీనా గుర్తొచ్చింది. సమీనాది హిందూపురం. పాత కంపెనీలో ఇద్దరివీ పక్కపక్క కుర్చీలు. అది మూతపడ్డాక సమీనా వైట్‌ఫీల్డ్‌లోనే ఇంకో చోట చేరింది. విదేశాల్లో ఉన్న అంగళ్ళ వెబ్‌సైట్లకు ఎవరొస్తున్నారు, ఏం చూస్తున్నారు, ఎక్కడ విసుగొచ్చి పోతున్నారు అని కనిపెట్టి ఆ అంగళ్ళవాళ్ళకు చెప్పడమే ఆమె ఉద్యోగం. సెలవు చూసుకుని కాటన్‌పేటకు వచ్చి, సావిత్రమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ, ఆ అంకెల పెట్టెను చూసి పెదవి విరిచింది.

"ఇదేం చెప్తుందే నీకు? డోర్ దగ్గర కూర్చుని తలకాయలు లెక్కపెట్టే వాచ్‌మన్ ఇది. లోపలికి వచ్చింది కస్టమరా, కరెంటు బిల్లువాడా, వీడికి అనవసరం."

"మరి ఆ సంగతి తెలిసేది ఎట్ల?"

"అనాలిసిస్ టూల్ అని ఒకటుంది, ఫ్రీగానే దొరుకుతుంది. పెడతాను. కానీ ముందు నువ్వు చెప్పు. నీ గోల్ ఏంటి? నీకు ఏం కావాలో తెలీకుండా టూల్ పెట్టుకుంటే ఏ నంబర్ చూసినా హ్యాపీగానే ఉంటుంది. మీ నాన్నగారికి లాగా."

హేమలత మిద్దె మెట్ల వైపు చూసింది. "మనుషులు అంగడికి రావాల. పరుపు మీద పండుకుని చూడాల. గంగప్ప చేత కుట్టించుకోవాల. అంతే."

"అయితే అదొక్కటే చూద్దాం. అంగడికి దారి చూపించే పేజీ ఉంది కదా, అక్కడిదాకా ఎవరొస్తున్నారు? రానివాళ్ళు ఎక్కడ ఆగిపోతున్నారు? మిగిలినవన్నీ డెకరేషన్."

సమీనా పేజీ పేజీకీ వెనకాల నాలుగు ముక్కలు కోడ్ చేర్చింది. పైకి ఏమీ మారలేదు. తలుపులు తెరుచుకున్నాయి, నాదస్వరం మోగింది, జయరామప్ప చెంపలేసుకున్నాడు. వినాయక చవితి దాటాక స్నేహితురాళ్ళిద్దరూ కంప్యూటర్ ముందు కూర్చుని టూల్ ఏం పట్టుకుందో చూశారు.

తెర మీద గీత పొద్దున్నే కొండలా లేచి, తర్వాత నేలకు కరుచుకుపోయింది. ఏ ఊళ్ళ నుంచి వచ్చారో పక్కనే వరసగా ఉంది. హేమలత పైకి చదివింది. "కోలారు, హోసూరు, మదనపల్లె, చిక్కబళ్ళాపురం, పలమనేరు..." చదువుతూ చదువుతూ ఆగింది. ఆ వరస ఆమెకు కంఠతా వచ్చు. ఇంట్లో ఏ శుభకార్యమైనా కార్డులు పంచే వరస అది.

"సమీనా, వీళ్ళంతా మా వాళ్ళే. బోణీకి వచ్చినోళ్ళు."

మొదట నవ్వొచ్చింది. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. మదనపల్లె వెంకటరాయప్ప మామ రోజూ స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని ఉంటాడని తలుచుకుంటే నవ్వు ఆగలేదు. తర్వాత హేమలత ముఖం మాడిపోయింది. మూడేళ్ళుగా తండ్రి ఊరంతా చెప్పుకున్న లక్ష మంది వీళ్ళే. చుట్టాలు వచ్చి గడపకు దండం పెట్టి పోతున్నారు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే కదా అనుకుంది.

"ఏడవకు. చుట్టాల్ని పక్కన పెట్టి చూద్దాం," అని సమీనా ఆ ఊళ్ళన్నీ తీసేసింది. అడుగున కొద్దిమంది మిగిలారు. అందరూ బెంగళూరువాళ్ళే. ఎక్కువమంది వైట్‌ఫీల్డ్ వైపు ఆఫీసుల నుంచి, మధ్యాహ్నం భోజనాలయ్యాక వస్తున్నారు. ఆదివారం ఒక్కరూ లేరు. ఏ మాటలు కొట్టి వెతికితే ఈ అంగడి కనపడిందో అదీ ఉంది. దూది పరుపు. నడుము నొప్పి.

హేమలత కుర్చీ ముందుకు లాక్కుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కావలసిన మనిషి మూడేళ్ళుగా తన గడప దగ్గరికే వచ్చి పోతున్నాడు. రోజంతా కుర్చీలో కూలబడి నడుం పోగొట్టుకున్నవాడు. వాడికి కావలసింది మిద్దె మీద గంగప్ప చేతిలో ఉంది.

"కానీ ఇది చూడు," అంది సమీనా. "ఒక్కడు కూడా మొదటి పేజీ దాటలేదు. గంగప్ప పేజీ చూడలేదు, దారి చూపించే పేజీ చూడలేదు. గడప మీద కాలు పెట్టి వెనక్కి తిరిగిపోయారు. దీన్ని మేం బౌన్స్ అంటాం."

"పేరేదైతే ఏం, మొగం మీద తలుపేసి పోవడమే కదా."

ఎందుకు పోతున్నారో మాత్రం టూల్ చెప్పలేదు. హేమలత అక్షరాలు పెద్దవి చేసింది. రంగులు మార్చింది. పరుపుల ఫొటోలు కొత్తవి తీయించింది. వాళ్ళు వస్తూనే ఉన్నారు, వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోతూనే ఉన్నారు. దసరా దగ్గరికొచ్చేస్తోంది. రాజగోపాల్ ఒకరోజు టేపు తెచ్చి మిద్దె గది కొలతలు తీసుకున్నాడు. గంగప్ప దూది మధ్యలో కూర్చుని ఆ టేపు వైపు, హేమలత వైపు చూశాడు. ఆపిన దబ్బనం మళ్ళీ అందుకున్నాడు.

ఒక మధ్యాహ్నం సమీనా ఆఫీసు నుంచి ఫోన్ చేసింది. "ఇన్నాళ్ళూ మీ అంగడిలో కూర్చుని చూశాం. ఇప్పుడు వాళ్ళలాగే చూస్తాను. భోంచేసి వచ్చి నా సీట్లో కూర్చున్నా. లైన్‌లో ఉండు."

హేమలత చెవి ఒగ్గింది. అవతల మౌస్ టిక్కుమంది. మరుక్షణం ఫోన్ లోంచి పెద్దమునియప్ప నాదస్వరం ఒక్క పెట్టున లేచింది. "యా అల్లా," అంది సమీనా. నాదస్వరం టక్కున ఆగిపోయింది. వెనకాల ఎవరో నవ్వుతున్నారు. సమీనా, నీ పెళ్ళా, మాకు చెప్పనేలేదే అని ఎవడో ఇంగ్లీషులో అరుస్తున్నాడు.

"మూసేశాను," అంది సమీనా గుసగుసగా. "ఫ్లోర్ మొత్తం లేచి నిలబడింది. మేనేజర్ క్యాబిన్ లోంచి బయటికి వచ్చి చూస్తున్నాడు." మాట మధ్యలో ఆపింది. "హేమా, నేనూ బౌన్స్ అయ్యాను కదే."

ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. కాటన్‌పేటలో లారీ హారన్ల మధ్య, ఏకుడు యంత్రం మోత మధ్య ఆ నాదస్వరం వినీ వినీ అంగడివాళ్ళు దాన్ని వినడం మానేశారు. ఆఫీసులో దొంగచాటుగా పరుపుల కోసం వెతుక్కునేవాడికి మాత్రం అది వీపు మీద చరిచినట్టు ఉంటుంది. వాడు మూయక ఏం చేస్తాడు?

హేమలత ఆ సాయంత్రమే తండ్రి ముందు నిలబడింది. "నాయనా, నాదస్వరం తీసేయాల."

జయరామప్ప కళ్ళజోడు తీశాడు. "ఏమంటివి?"

ఆమె ఏదీ దాచలేదు. లక్ష ఎవరిదో చెప్పింది, మిగిలిన కొద్దిమంది ఎవరో, ఎందుకు పారిపోతున్నారో చెప్పింది. ఆయన చివరిదాకా విన్నాడు.

"ఆఫీసులో పని మానేసి పరుపులు చూసేటోడిది తప్పా, మంగళవాద్యానిది తప్పా?"

"తప్పు ఎవురిదైనా, పోయేది గంగప్ప పని."

"మీ అమ్మ మెళ్ళో తాళి కట్టేటప్పుడు ఊదిన వాద్యం అది. దాన్ని తీసినావంటే నా అంగడి మూగదైపోతుంది. నేను ఉండంగా కుదరదు."

"పెద్దాయన వద్దంటే వినుకోవల్ల అమ్మాయ్," అన్నాడు రాజగోపాల్ మూల నుంచి. చెల్లెలు ఓడిపోతోందని అతనికి లోలోపల పండగగానే ఉంది.

హేమలత కంప్యూటర్ దగ్గరికి నడిచింది. "తిట్టండి నాయనా, పడతా. మాట్లాడకుండా ఉంటామంటే ఉండండి, అదీ పడతా. తీసేది మాత్రం తీస్తా. వెనక మాటున కాదు, మీ కళ్ళ ముందరే తీస్తా ఉండా."

అక్కడే కూర్చుని తీసేసింది. తోరణం తలుపులు పోయాయి, నాదస్వరం పోయింది, అడుగున అంకెల పెట్టె పోయింది. వాటి చోట గంగప్ప చేతులు పెట్టింది, దూది నింపుతూ ఉన్న రెండు చేతులు. కింద అంగడి ఫోన్ నంబరు, మీ నడుముకు తగినట్టు కుట్టిస్తామన్న ఒక్క వాక్యం. తర్వాత ఫోన్ తీసుకుని కార్డులు పంచే వరసలోనే చుట్టాలందరికీ చేసింది. "మామా, రేపటినుంచి బోణీ వద్దు. పరుపు కావాలంటే రా, కాఫీ ఇస్తాం." కోలారు వియ్యంకుడికి కోపం ముక్కు మీదే ఉంటుంది, ఫోన్ పెట్టేశాడు. వెంకటరాయప్ప మామ మాత్రం పొద్దున్నే ఇక ఎక్కడికి పోవాలమ్మా అని దిగాలుపడ్డాడు.

మర్నాడు జయరామప్ప మామూలుగానే కుంకుమ పెట్టి మీట నొక్కాడు. చప్పుడు లేదు. ఇంకోసారి నొక్కాడు. గంగప్ప చేతులు కదలకుండా అలాగే ఉన్నాయి. "నా అంగడిలో నన్నే పరాయోణ్ణి చేసె," అని గోడకు చెప్పి గద్దె మీద కూర్చున్నాడు. ఆ రోజునుంచి కూతురితో మాట లేదు. చెప్పవలసింది ఉంటే "ఆ పిల్లతో చెప్పండి" అని గాలికి చెప్పేవాడు. హేమలతకు ఏడుపు రాలేదని కాదు. మిద్దె ఎక్కి, దూదిలో ముఖం పెట్టి ఏడ్చి, తుమ్మి, ముక్కు తుడుచుకుని, కిందికి వచ్చి పని చూసుకునేది. నాదస్వరం మళ్ళీ పెట్టాలని మాత్రం ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఇక ఆ టూల్ చూడాలి. మధ్యాహ్నం వచ్చినవాళ్ళు గడప దాటడం మొదలుపెట్టారు. గంగప్ప పేజీలో ఆగారు, చదివారు, దారి చూపించే పేజీకి వెళ్ళారు. ఆ వారంలోనే అంగడి ఫోన్ మోగింది. అందరూ అడిగింది ఒకటే. ఆదివారం తెరిచి ఉంటుందా? మిగతా రోజుల్లో వాళ్ళకు ఊపిరి తీసుకునే తీరికే లేదాయె.

కాటన్‌పేటలో ఆదివారం ఈగ కూడా వాలదు. "తాత కాలం నుంచి ఆదివారం మూతే. ఆ పిల్లతో చెప్పండి," అన్నాడు జయరామప్ప. తాళాల గుత్తి ఆయన మొల నుంచి దిగేది కాదు. హేమలత అంతా విని, ఫోన్ ఎత్తి, అడిగినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పింది. "రండి. మేం ఉంటాం."

శనివారం మాపటికి గంగప్ప, అతని మనుషులు కొన్ని పరుపులు మోసుకుపోయి వెనక సందులో తమ ఇంట్లో పెట్టుకున్నారు. "మీ నాయనకు తెలిస్తే?" అని గంగప్ప ఒక్కసారి అడిగాడు. "తెలియాలనే కదా చేస్తా ఉండేది," అంది హేమలత. ఆదివారం పొద్దున మూసిన షట్టర్ ముందు జగలి అరుగు మీద, కింద వీధిలో చాపలు పరిచి, వాటి మీద పరుపులు వేశారు. దసరాకు ముందరి ఆదివారం అది. ఇక ఇంకో ఆదివారం కోసం చూసేంత గడువు లేదు. ఎవరూ రాకపోతే ఆ పరుపులు మడిచి లోపల పెట్టడంతోనే అన్నీ అయిపోతాయని ఆమెకు తెలుసు. వీధి ఖాళీగా ఉంది. ఒక కుక్క వచ్చి పరుపు వాసన చూసి పోయింది.

తర్వాత ఒక ఆటో వచ్చింది. దాని వెనక ఒక కారు.

ఇత్తడి అంగడాయన ఇల్లు అంగడి పైనే. ఆయన కిటికీ లోంచి చూసి జయరామప్పకు ఫోన్ చేశాడు. నీ కూతురు పరుపులు వీధిలో పరిచి ఊళ్ళోవాళ్ళను పండబెట్టిందప్పా అని. జయరామప్ప పంచె సర్దుకుంటూ వచ్చేసరికి నిజంగానే అలాగే ఉంది. ప్యాంట్లు, కళ్ళద్దాలు వేసుకున్న మనుషులు బూట్లు విప్పి తన పరుపుల మీద వరసగా వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తున్నారు. చోటు చాలనివాళ్ళు జగలి మీద కూర్చుని వంతు కోసం ఎదురుచూస్తున్నారు. గంగప్ప ఒక్కొక్కరి నడుము కింద చేయి పెట్టి చూస్తున్నాడు.

"ఏం పని ఇది?" అన్నాడు జయరామప్ప. ఇన్నాళ్ళకు కూతురితో ఆయన నేరుగా అన్న మొదటి మాట.

"వ్యాపారం నాయనా. తాళాలు మీ దగ్గర ఉండాయి. వచ్చినోళ్ళను నిలబెట్టలేక పండబెట్టినా."

ఆయన పళ్ళు కొరికాడు. అరవడానికి నోరు తెరిచి, కాళ్ళ దగ్గర పడుకున్న మనిషిని చూసి ఆగాడు. నరేశ్ అని, కర్నూలు నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్‌లో పని చేసేవాడు. కళ్ళు మూసుకుని పసివాడిలా పడుకున్నాడు. నీడ పడేసరికి కళ్ళు తెరిచి లేవబోయాడు.

"సారీ అంకుల్. చాలా రోజుల తర్వాత నడుం నొప్పి లేకుండా పడుకున్నా. కొంచెం కునుకు పట్టేసింది."

మర్యాద మర్యాదే కదా. జయరామప్ప గొంతు తగ్గించాడు. "పండుకో అప్పా, లేయొద్దు. మా అంగడి నీకెట్ల తెలిసె?"

"వెబ్‌సైట్ చూసి అంకుల్. అసలు రెండు నెలల కిందే ఆఫీసులో ఓపెన్ చేశా. ఒక్కసారిగా పెళ్ళి మేళం మోగింది. టీమ్ అంతా నవ్వారు. భయమేసి క్లోజ్ చేసేశా, మళ్ళీ దాని జోలికి పోలేదు. మొన్న నొప్పి తట్టుకోలేక, అదే సైట్ మళ్ళీ భయపడుతూనే ఓపెన్ చేశా. సైలెంట్‌గా ఉంది. అప్పుడు మొత్తం చదివా."

"అది పెళ్ళి మేళం కాదప్పా," అన్నాడు జయరామప్ప. "పెద్దమునియప్ప నాదస్వరం."

"ఏమో అంకుల్. భయమేసింది, అంతే."

ఆ మాట ఆయనకు తగలాల్సిన చోట తగిలింది. మంగళవాద్యం విని మురిసినవాళ్ళను చూశాడు, నిద్ర లేచినవాళ్ళను చూశాడు, ఏడ్చినవాళ్ళను కూడా చూశాడు. భయపడి పారిపోయినవాణ్ణి ఇదే చూడటం. వరసగా పడుకున్న మనుషుల వైపు, వంతు కోసం కూర్చున్నవాళ్ళ వైపు చూశాడు. తర్వాత మొలలోంచి తాళాల గుత్తి తీశాడు. కూతురు పక్కనే ఉన్నా, గంగప్ప చేతికి ఇచ్చాడు.

"ఆ పిల్లతో చెప్పు, తెరవమని. గడప కడిగి తెరవమను."

హేమలత గడప కడిగింది, పసుపు రాసింది, షట్టర్ ఎత్తింది. సాయంత్రందాకా పరుపుల ఆర్డర్లు రాసుకుని, మూసి గుత్తి తన కొంగుకే కట్టుకుంది. ఆయన అడగలేదు, ఆమె ఇవ్వలేదు.

విజయదశమి నాడు ఫోమ్ కంపెనీవాళ్ళు మిఠాయి పెట్టెతో, కాగితాలతో వచ్చారు. రాజగోపాల్ కొత్త తెల్ల చొక్కా వేసుకుని వాళ్ళను కూర్చోబెట్టాడు. మిద్దె మీద ఏకుడు యంత్రం మోతకు వాళ్ళ మాటలు వాళ్ళకే వినపడలేదు.

"నాయనా, ఒక్క సంతకం," అన్నాడు రాజగోపాల్ గొంతు పెంచి.

"నన్నడిగితే ఏం లాభం? తాళాలు ఎవురి దగ్గర ఉండాయో వాళ్ళనడుగు," అని జయరామప్ప వీధి వైపు తిరిగి కూర్చున్నాడు.

రాజగోపాల్ చెల్లెలి వైపు తిరిగాడు.

"పైకి పోయి చూసిరా అన్నా," అంది హేమలత. "గంగప్ప చేతిలో దబ్బనం కింద పెట్టినాడేమో చూడు. పెట్టింటే నేనే నిచ్చెన తెస్తా."

పైకి పోనక్కర్లేకపోయింది. మిద్దె మెట్ల మీదుగా దూది తేలుతూ దిగి అతని కొత్త చొక్కా మీద వాలుతోంది. అతను దులుపుకున్నాడు, మళ్ళీ వాలింది. ఫోమ్ కంపెనీవాళ్ళు కాఫీ తాగి, కాగితాలు సంచిలో పెట్టుకుని, మళ్ళీ కలుద్దామని చెప్పి లేచారు.

"మొండిదానివే నువ్వు," అన్నాడు రాజగోపాల్.

"మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు కదా అన్నా. మొండిది ఎవురికంటేనో ఇంకా ఎవురూ చెప్పలేదు."

మర్నాడు పొద్దున హేమలత మిద్దె మీద నుంచి దిగుతూ సగం మెట్ల మీదే ఆగిపోయింది. కింద జయరామప్ప ఒక్కడే ఉన్నాడు. మిషన్‌కు, తక్కెడకు ఊదుబత్తి చూపించి, కంప్యూటర్‌కు బొట్టు పెట్టి, వేలు చాపి మీట నొక్కాడు. గంగప్ప చేతులు వచ్చాయి. చప్పుడు లేదు. ఆయన అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరనుకుని, కళ్ళు మూసుకుని, ఆ నాదస్వరాన్ని నోటితోనే సన్నగా ఎత్తుకున్నాడు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, ఎక్కడ లేవాలో అక్కడ లేస్తూ, పెద్దమునియప్ప ఊదినట్టే. హేమలత తుమ్ము ఆపుకోలేకపోయింది.

ఆయన కళ్ళు తెరిచాడు.

"కొంచెం చిన్నగానన్నా పెట్టకూడదా?" అన్నాడు, నేరుగా ఆమెతోనే.

"వద్దు నాయనా."

"మొండిది," అని జయరామప్ప కర్పూరం వెలిగించి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు, ఈసారి పక్క అంగడికి కూడా వినపడేటట్టు.